తిలంగా సిపాయి కథ



చరిత్ర నవల యనిన తెలుగు పాఠకునకు రాజులు, మంత్రులు, సేనానులు స్ఫురింతురు. విశ్వనాథ సత్యనారాయణగారు ‘పురాణవైర గ్రంథమాల’ పేర పండ్రెండు నవలలలో భారతయుద్ధానంతరపు మగధ రాజవంశముల కథ చెప్పిరి. నోరి నరసింహశాస్త్రిగారు రుద్రమదేవిని, అడివి బాపిరాజుగారు గోన గన్నారెడ్డిని నాయకస్థానమున నిలిపిరి. ఈ కథలలో సేనలు కదలును. సేనలోని సామాన్యభటుడు మాత్రము తరచుగా పేరులేకయే నడచిపోవును.

ఆంగ్లమున ఇందుకు భిన్నమైన కథామాల యొకటి కలదు. బెర్నార్డ్ కార్న్‌వెల్ దానిని 1981లో ఆరంభించి నలువదేండ్లకు పైగా వ్రాసెను. నాయకుడు రిచర్డ్ షార్ప్, లండను నగరమున దిక్కులేక పెరిగిన అనాథ. నెపోలియను కాలపు ఆంగ్లసేనలో భటుడుగా చేరి, అధికారియై, 1815 నాటి వాటర్లూ యుద్ధమున సైతము పోరాడును. ధనవంతులు పదవులను వెలయిచ్చి కొనుచుండిన ఆ సేనలో, క్రిందినుండి పైకి వచ్చినవాడు పడిన అవమానము ఈ కథకు ప్రాణము. ఇరువదికి మించిన ఈ నవలలలో రాజనీతి తక్కువ. జోళ్లు, తిండి, జీతము, కొరడాదెబ్బలు ఎక్కువ. నిమిషమునకు మూడుమారులు తుపాకి నింపి కాల్చగల పటాలమే నిలుచునని షార్పునకు తెలియును. యుద్ధమును అతడు ఆ కొలతతోనే చూచును.

అతని తొలి యుద్ధములు భారతదేశమునందే జరిగినవి. 1997 మొదలు 1999 వరకు వెలువడిన మూడు నవలలలో 1799 నాటి శ్రీరంగపట్టణ ముట్టడి, 1803 నాటి అస్సాయి, గావిల్‌గఢ్ యుద్ధములు వర్ణితములు. టిప్పు సుల్తానును చంపిన భటుడెవడో చరిత్రకు తెలియదు. ఆ ఖాళీలో కార్న్‌వెల్ షార్పును నిలిపెను. ఇట్టి కల్పనలను గ్రంథాంతమున తానే వివరించుట అతని పద్ధతి.

1803 సెప్టెంబరు 23న అస్సాయిలో వెల్లెస్లీ సేనయందు ఐరోపావారికంటె మద్రాసు సిపాయిలే యెక్కువ. నాటి మద్రాసు సేనలో ఉత్తర సర్కారుల తెలుగువారును చేరుచుండిరి. అంతకు పూర్వమే, 1756లో, క్లైవు మద్రాసు సిపాయిలను వంగదేశమునకు గొనిపోయెను. పిదప ఉత్తరదేశమున సిపాయికి ‘తిలంగా’ యను పేరు స్థిరపడినది. 1857లో ఢిల్లీవారు, తిరుగుబాటు చేసిన అవధు సిపాయిలను సైతము తిలంగాలనియే పిలిచిరి. జాతిపేరు వృత్తికి పేరైనది; మనుష్యుని పేరు మరుగైనది. కల్పితుడైన షార్పునకు ఇన్ని సంపుటములుండగా, నిజముగా నడచిన తిలంగాకు ఒక్క అధ్యాయమైనను దక్కుట అరుదు.

తర్రెంలో ఈ మాట పుస్తకములతో ముగియదు. 2021 ఏప్రిలు 3న ఈ ప్రాంతపు అడవులలో 22 మంది భద్రతాదళములవారు మరణించిరి. వారిలో ఇద్దరు ఆంధ్రప్రదేశమువారు. పలువురు బస్తరు బిడ్డలే. పత్రికలలో పెద్ద అక్షరములతో అచ్చుపడినది సంఖ్య. ఆ సంఖ్యలో ప్రతివానికిని ఒక ఊరు, ఒక తల్లి, ముగియని పని యొకటి యుండెను.

ఇంకొక మాట. షార్ప్ కథ ఆంగ్లపక్షమునుండి చూచినది. అస్సాయిలో తమ ఫిరంగులను విడువక, వాని చెంతనే నేలకూలిన మరాఠా గోలందాజులకును కథ కలదు. అట్లే ఈ అడవిపల్లెల గోండు కుటుంబముల భయము, దుఃఖము లేని బస్తరు కథ సగము కథయే యగును.

నెపోలియను యుద్ధములలోని ఆంగ్లభటులు పలువురు స్వీయస్మృతులు వ్రాసి విడిచిరి. అట్టివి నవలాకారునకు ముడిసరకు. తిలంగా విడిచిపోయిన వ్రాతలు బహు స్వల్పము. నేడు ఉత్తరములకు మారుగా ఫోను మాటలు వచ్చినవి. మాట ముగిసిన వెంటనే అవి గాలిలో కలియును. కావున ఉద్యోగులు దినచర్యను నాలుగు పంక్తులలోనైనను వ్రాయుట, కుటుంబములవారు పాత లేఖలను దాచుట అవసరము. ఏమి తినిరి, ఏ పాట పాడుకొనిరి, సెలవు మంజూరగునని ఎన్ని దినములు లెక్కించిరి – రేపటి తెలుగు నవలాకారుడు అడుగునది ఇదియే. బిరుదులు, పతకములు ప్రభుత్వపు దస్త్రములలో నిలుచును. ఈ చిన్నసంగతులు ఇంటివారు దాచిననే నిలుచును.