మక్కా మసీదు చూడబోవు వారికి

ఏటూరునాగారమునుండి హైదరాబాదుకు పనిమీద వచ్చువారు చార్మినారు చూచి వెనుదిరుగుట పరిపాటి. నాలుగడుగులు వేసినచో మక్కా మసీదు గలదు. 1617లో సుల్తాను మహమ్మదు కుతుబ్ షా ప్రారంభించిన యీ కట్టడము 1694లో ఔరంగజేబు కాలమున పూర్తియైనది. మక్కానుండి తెచ్చిన మట్టితో చేసిన ఇటుకలను నడిమి కమానులో ఉంచినందున ఆ పేరు వచ్చెనందురు. పేరు మక్కాది, రాయి మాత్రము మన నేలది! ఒక్క శిలను తొలిచి తీయుటకు 500, 600 మందికి ఐదేండ్లు పట్టినదనియు, దానిని లాగుటకు 1,400 ఎద్దులు కావలసెననియు 17వ శతాబ్దిలో ఇటు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియె వ్రాసినాడు. కట్టడపు కొలతలు మరచినను ఈ మాట మరువరాదు.

లోనికి పోవునపుడు చెప్పులు విడువుడు. నమాజు వేళ యైనచో ప్రక్కకు తొలగి నిలువుడు. కెమెరాను సంచిలోనే ఉండనిండు. మనము చూడవచ్చిన చోటు, వారు ప్రార్థింపవచ్చిన చోటు ఒక్కటే గదా! వరుసలు చెదరిన పిదప తీరికగా నిజాముల సమాధులు చూడవచ్చును. రెండవ నిజాము మొదలు ఆరవ నిజాము వరకు అందరును అచటనే యున్నారు.