చిన్న పరిశ్రమ – పెద్ద బాధ్యత

(గౌడవెల్లిలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డి.ఏ. బకాయిల గురించి మాట్లాడబోవడం లేదు. అందుకు నాకంటే సమర్థులు ఇక్కడ ఉన్నారు. మన బోరుబావుల నీటి గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

గౌడవెల్లికి దక్షిణాన జీడిమెట్ల, పడమర దుండిగల్, ఉత్తరాన మేడ్చల్. చుట్టూ పరిశ్రమలే. మన పిల్లలకు అన్నం పెడుతున్నవీ అవే. రిటైర్మెంటు డబ్బుతో కొడుకులచేత షెడ్డు వేయించినవారు మనలోనూ ఉన్నారు. కనుక పరిశ్రమలు వద్దని మనం అనలేము. ఎలా నడపాలన్నదే ప్రశ్న.

పటాన్‌చెరు సంగతి మీకు తెలుసు. ఫ్యాక్టరీల రసాయనపు నీరు నక్కవాగులో కలిసి బావులు, పొలాలు పాడైనాయి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. కోర్టు నష్టపరిహారం ఇప్పించగలదు గాని, చెడిన భూగర్భ జలాన్ని తిరిగి తెప్పించలేదు.

చిన్న పరిశ్రమ ఒంటరిగా శుద్ధి కేంద్రం కట్టుకోలేదు. అందుకే జీడిమెట్లలో 1989లో ఉమ్మడి శుద్ధి కేంద్రం మొదలైంది. అక్కడ మురుగునీటిలోని ఆమ్లాన్ని, క్షారాన్ని సరిచేసి, మడ్డి తేర్చి, గాలి పట్టించి సూక్ష్మజీవులచేత శుద్ధి చేయిస్తారు. అయితే ఉప్పు మితిమీరిన నీరు కలిస్తే ఆ జీవులు చస్తాయి. కాబట్టి అటువంటి నీటిని ఫ్యాక్టరీలోనే వేరుచేసి, ఆవిరి చేసే ఏర్పాటుకు పంపాలి. శుద్ధి అనేది మన గడపలోనే మొదలుకావాలి.

ఇందులో ఖర్చే కాదు, ఆదా కూడా ఉంది. పూత పనిలో సామాను ఒకే తొట్టిలో కడగకుండా, రెండు మూడు తొట్లు వరుసగా పెట్టి నీటిని ఎదురు దిశలో నడిపితే చాలా తక్కువ నీటితో పని జరుగుతుంది. కంప్రెసర్ గొట్టాల లీకులు ఆపితే కరెంటు బిల్లు తగ్గుతుంది. కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రారంభించిన 'జెడ్' పథకాన్ని 2022లో సవరించి, ధ్రువీకరణ ఖర్చులో సూక్ష్మ సంస్థలకు 80, చిన్నవాటికి 60, మధ్యతరహా వాటికి 50 శాతం రాయితీ నిర్ణయించింది.

నేను ఇంజనీరును కాను, గుమాస్తాను. నాకు తెలిసిన విద్య రిజిస్టరు రాయడం. ప్రతి షెడ్డులోనూ ఒక రిజిస్టరు ఉండాలంటాను. ఎంత నీరు తోడాము, ఎంత మురుగునీరు ట్యాంకరులో పంపాము, శుద్ధి కేంద్రం నుంచి రశీదు వచ్చిందా? సాయంత్రం వెళ్ళిన ట్యాంకరుకు రశీదు రాలేదంటే, ఆ నీరు ఏ వాగులో పడిందోనని యజమాని నిద్రపోకూడదు. ప్రమాదకర వ్యర్థాలను 90 రోజులకు మించి నిలువ ఉంచరాదని 2016 నాటి నిబంధనలు చెబుతున్నాయి. దుండిగల్‌లో 2001 నుంచి వాటికోసం ప్రత్యేక కేంద్రం ఉంది. మడ్డిని చెరువు గట్టున పారబోయడానికి ఇక సాకు లేదు.

సోదరులారా, జీవితమంతా ప్రభుత్వ లెక్కలు రాసినవాళ్ళం. రోజుకు అరగంట మన పిల్లల షెడ్డులో కూర్చుని ఈ లెక్క రాద్దాం. మన మనుమలు తాగబోయే నీటి లెక్క అది.