ఇంకొక్క అధ్యాయం చదివి పడుకుందాం!

రాత్రి పదింటికి పుస్తకం పట్టుకుని, ఇంకొక్క అధ్యాయం అనుకుంటూనే ఒంటిగంట దాకా లాగించేస్తాం. థ్రిల్లర్ నవల మనల్ని అంతలా ఎలా కట్టిపడేస్తుంది?

2015లో వచ్చిన పౌలా హాకిన్స్ నవల 'ద గర్ల్ ఆన్ ద ట్రెయిన్' చూడండి. రేచల్ ఉద్యోగం ఊడింది. ఆ సంగతి తనతో ఉంటున్న స్నేహితురాలికి తెలియకూడదని రోజూ లండన్ రైలెక్కుతుంది. కిటికీలోంచి ఒక ఇంటినీ, అందులోని జంటనూ చూస్తూ వాళ్ల కాపురం గురించి ఏవేవో ఊహించుకుంటుంది. ఒకరోజు ఆ ఇల్లాలు మాయమవుతుంది. ఆ రాత్రి రేచల్ ఆ చుట్టుపక్కలే ఉంది, తలకు దెబ్బ కూడా తగిలింది. తాగిన మత్తులో ఏం జరిగిందో మాత్రం ఆమెకే గుర్తులేదు.

కిటుకంతా ఇక్కడే ఉంది. కథ చెప్పే మనిషినే నమ్మలేం. పైగా ముగ్గురు ఆడవాళ్లు వంతులవారీగా కథ చెబుతారు, తేదీలు ముందుకీ వెనక్కీ జరుగుతుంటాయి. ఒకరు దాచింది మరొకరి మాటల్లో బయటపడుతుంది. చదివేవాళ్లే డిటెక్టివులవుతారు.

ఇక అధ్యాయాన్ని ప్రశ్న దగ్గర ఆపేయడమంటారా, అది మనకు కొత్తేం కాదు. యండమూరి, మల్లాది సీరియళ్ల కోసం వారపత్రిక ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసినవాళ్లం. అప్పుడు వారం ఆగాలి, ఇప్పుడు పేజీ తిప్పితే చాలు.

అయితే ఒట్టి మలుపుతో పని జరగదు. ముగింపు తెలిశాక వెనక్కి తిరగేస్తే ఆధారాలన్నీ కళ్లముందే కనిపించాలి. అగాథా క్రిస్టీ 1926లోనే 'ద మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్'లో ఈ పని చేసి చూపించారు. గుట్టు తెలిసీ రెండోసారి చదివించగలిగితేనే అది మంచి థ్రిల్లర్.