స్టైల్‌కి రంగు పేరు పెట్టొద్దు

మాది పుల్లలచెరువు. ఈ ఎపిసోడ్‌లో ఎంఎస్ వర్డ్‌లో స్టైల్ పేరు ఎట్లా మార్చాలో చూద్దాం. చిన్న పనే. కానీ అది చేయక నాకు ఒక రాత్రి నిద్ర లేకుండా పోయింది.

డిగ్రీలో మార్కాపురం పలకల మీద ప్రాజెక్ట్ చేశాను. అవే, మన తాతలు అఆలు దిద్దిన రాతి పలకలు. మొత్తం 48 పేజీలు. హెడింగుల కోసం ఒక స్టైల్ తయారు చేసి, ఎర్రగా ఉంది కదా అని ‘ఎర్ర పెద్దది’ అని పేరు పెట్టాను. కలర్ ప్రింట్‌కి డబ్బులు ఎక్కువవుతాయని తర్వాత దాన్నే నలుపు చేశాను. ఒక్క చోట మారిస్తే అన్ని హెడింగులూ మారిపోయాయి, స్టైల్ వాడితే సుఖం అదే. పేరు మాత్రం అట్లాగే వదిలేశాను.

నాతో కలిసి చేస్తున్న ఫ్రెండ్ ఫైల్ తెరిచాడు. “ఫైల్‌లో ఎర్రది ఒక్కటీ లేదు కదరా, ఊరికే ఉందని తీసేశా” అన్నాడు. స్టైల్ డిలీట్ చేస్తే అక్షరాలు పోవు. కానీ ఆ హెడింగులన్నీ నార్మల్ స్టైల్‌లోకి వచ్చేసి మామూలు లైన్లలో కలిసిపోయాయి. వాడు సేవ్ చేసి మూసేశాడు, ఇంక అన్‌డూ ఎక్కడిది? తెల్లారితే సబ్మిషన్. ఒక్కో పేజీ వెతుక్కుంటూ మళ్లీ పెట్టుకున్నాం. వాణ్ని తిట్టాను గానీ, ఆ పేరు పెట్టింది నేనే కదా.

ఇప్పుడు నా స్టైల్స్ పేర్లు ‘అధ్యాయం పేరు’, ‘ఫోటో కింద మాట’, ఇట్లా ఉంటాయి. రంగు ఎన్నిసార్లు మారినా ఇబ్బంది లేదు.

ఎట్లా మార్చాలంటే, హోమ్ ట్యాబ్‌లో స్టైల్స్ దగ్గర మీ స్టైల్ మీద రైట్ క్లిక్ చేసి మాడిఫై నొక్కండి. పైన నేమ్ అనే డబ్బాలో పాత పేరు తీసి కొత్తది టైప్ చేయండి, ఓకే కొట్టండి. తెలుగులోనే పెట్టుకోవచ్చు. ఆ స్టైల్ వాడిన లైన్లకి ఏమీ కాదు. హెడింగ్ 1 లాంటివి వర్డ్ సొంత స్టైల్స్. వాటి పాత పేరు పోదు, పక్కన కామా పెట్టి మీ పేరు చేరుతుంది. భయపడొద్దు.

ఇంకోటి. స్టైల్‌లో ఫాంట్ మార్చినా తెలుగు అక్షరాలు మారట్లేదా? అదే మాడిఫైలో కింద ఫార్మాట్, అందులో ఫాంట్‌కి వెళ్లి, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అన్నచోట గౌతమియో, మండలియో ఎంచుకోండి. పైనున్న డబ్బా ఇంగ్లీష్ అక్షరాలకి.

ఫోన్‌లో హెడింగులు పెట్టుకుంటూ పోండి, ఈ పేర్ల పని మాత్రం కంప్యూటర్ దొరికినప్పుడు చేసుకోండి. ఎక్కడైనా ఆగిపోతే కామెంట్‌లో అడగండి. ఉంటాను, బై.