పిల్లల చిన్నప్రేగును చూపు గుళిక



మన చిత్తూరు ప్రాంతపు పల్లెలలో బిడ్డ పాలిపోయి, బక్కచిక్కి కనిపించినచో 'తిండి ఒంటికి పట్టుట లేదు' అనుట పరిపాటి. ఆ మాట ఉత్తమాట కాదు. తిన్న సంగటిలోని సారము ఒంటికి చేరునది ముఖ్యముగా చిన్నప్రేగు నుండియే. పెద్దలలో ఇది సుమారు 20 అడుగుల పొడవుండును. చుట్టలు చుట్టుకొని కడుపు నడుమ ఇమిడియున్న ఈ ప్రేగులో పుండు పడినను, నెత్తురు కారినను పైకి తెలియదు.

నోటి ద్వారా పంపు ఎండోస్కోపీ గొట్టము జీర్ణాశయమును, చిన్నప్రేగు మొదటి భాగమును చూపును. క్రిందినుండి పంపు గొట్టము పెద్దప్రేగును, చిన్నప్రేగు కొసను చూపును. నడిమి భాగము చిరకాలము వైద్యులకు చీకటి గదియై యుండెను. 2000 సంవత్సరములో గవ్రియేల్ ఇద్దాన్ అను ఇజ్రాయెల్ ఇంజనీరును, ఆయన సహచరులును మ్రింగదగిన కెమెరా గుళికను లోకమునకు తెలిపిరి. ఇద్దాన్ వైద్యుడు కాడు. క్షిపణులకు కన్నులమర్చు విద్యలో ఆరితేరినవాడు! 2001 లో అమెరికాలో దీనికి అనుమతి లభించెను. 2009 లో రెండేండ్లు నిండిన పిల్లలకును వాడవచ్చుననిరి.

ఈ గుళిక పొడవు సుమారు 26 మిల్లీమీటర్లు, బరువు 4 గ్రాములకు లోపు. రాత్రి పస్తుంచి ఉదయము మ్రింగింతురు. అది ప్రేగు కదలికతోనే సాగిపోవుచు, సెకనుకు రెండు చొప్పున, దాదాపు 8 గంటలపాటు ఛాయాచిత్రములు తీయును. నడుమునకు కట్టిన పెట్టెలో 50,000 కు పైగా చిత్రములు చేరును. మత్తు అక్కరలేదు, బిడ్డ కూర్చుండవచ్చును, మెల్లగా తిరుగవచ్చును. మ్రింగలేని పసివారికి మాత్రము మత్తిచ్చి, గొట్టముతో గుళికను చిన్నప్రేగులో విడుతురు.

అయితే పాలిపోయిన ప్రతి బిడ్డకును ఈ పరీక్ష కావలెనా? అక్కరలేదు. వట్టి కాళ్లతో మట్టిలో తిరుగు పిల్లల చర్మమునుండి చొచ్చి, చిన్నప్రేగునకు కరచుకొని నెత్తురు పీల్చు కొంకి పురుగునకు ఆల్బెండజోల్ మాత్ర చాలును. తిండిలో ఇనుము చాలనివారికి ఇనుప టానిక్ ఇత్తురు. ఇక్కడనే ఒక చిక్కున్నది. టానిక్ వలనను మలము నల్లబడును; ప్రేగులో నెత్తురు కారినను బంకవలె నల్లగా వచ్చును. ఒకదానిని చూచి మరియొకటియని ఊరకుండుటచే నెలలు గడచిపోవును. మల పరీక్ష చేయించినచో ఈ భేదము తేలును.

ఇక రెండు గొట్టముల పరీక్షలును జరిగి, 'ఏమియు కనిపించలేదు' అని చెప్పిన పిదప తల్లిదండ్రులు బిడ్డతో ఇల్లు చేరుదురు. జబ్బు లేదని వారు తలతురు. కాని చూడని భాగము ఇంకను మిగిలియున్నది! రక్తము మరల మరల తగ్గుచున్నను, బరువు పెరుగకున్నను, పెదవులపై నల్లని చుక్కలతో కూడ కడుపునొప్పి వచ్చుచున్నను, 'చిన్నప్రేగును చూడవలెనా?' అని అడిగించుడు. పెదవులపై అట్టి చుక్కలు ప్రేగులో కాయలు పెరుగు ఒక వంశపారంపర్య వ్యాధికి గుర్తు కావచ్చును.

గుళికకు లోపములు లేకపోలేదు. అది చూపును గాని ముక్క తీయలేదు, చికిత్స చేయలేదు. ప్రేగు ఇరుకైనచోట చిక్కుకొనవచ్చును. అప్పుడు తీయుటకు శస్త్రచికిత్స కావలసిరావచ్చును. మదనపల్లె చెంత ఆరోగ్యవరము ఆసుపత్రి నెరిగిన మనకు క్షయ క్రొత్త కాదు. కాని అది ప్రేగునకును సోకి దానిని ఇరుకు చేయునని ఎరిగినవారు తక్కువ. కావున అనుమానమున్నచోట వైద్యులు ముందుగా స్కాన్ తీయుదురు, లేదా లోపల కరగిపోవు ఉత్తగుళికను మ్రింగించి దారి చూతురు. ఇంటిలో ఎవరికైన క్షయ వచ్చియున్నచో దాచక చెప్పవలెను.

మనవారు తిరుపతికో, వేలూరునకో, బెంగుళూరునకో బిడ్డను తీసికొని పోవుదురు. ఈ పరీక్ష అన్ని ఆసుపత్రులలో ఉండదు, ఖర్చును తక్కువ కాదు. అది అక్కడ పిల్లలకు చేయుదురా, ప్రభుత్వ వైద్య సేవా పథకములో చేరునా యని బస్సు ఎక్కకమునుపే నెట్‌వర్క్ ఆసుపత్రి ఆరోగ్యమిత్ర నడిగి తెలిసికొనుటకు పంచాయతీ సభ్యులు తోడ్పడవలెను. పాత చీటీలు, రక్తపరీక్షల కాగితములు ఒక్క సంచిలో పెట్టించుడు.

గుళిక సాధారణముగా కొద్దిరోజులలో మలముతో వెలుపలికి వచ్చును. దానిని తిరిగి ఇయ్యనక్కరలేదు. వచ్చినదో లేదో మాత్రము ఇంటివారు గమనించవలెను. కనబడనిచో ఎక్స్‌రే తీయింతురు. అది వెలువడినదని తేలువరకు ఎం.ఆర్.ఐ. స్కాన్ తీయరాదు, కడుపునొప్పి, వాంతులు కలిగినచో వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.