బొంతలోకి ఏ చీర?

కుదురులేని పనిని ‘అతుకుల బొంత’ అని తీసిపారేస్తాం గానీ, అతుకు సరిగ్గా వెయ్యడం ఎంత పనో కుట్టినవాళ్లకే తెలుసు.

పసిబిడ్డ పక్కకి ఉతికి ఉతికి గంజి వదిలిన పాత నూలు చీరలే మేలు. మెత్తగా ఉంటాయి, తడి పీలుస్తాయి. నైలాను చీర ఎంత అందంగా ఉన్నా దగ్గరికి రానివ్వకండి. స్నేహితురాలికి ఇచ్చేటప్పుడు మాత్రం కాస్త ఆలోచించాలి. ‘పాతగుడ్డలు పంపింది’ అనుకునేవాళ్లూ ఉంటారు మరి! పైనా కిందా కొత్త నూలుగుడ్డ వేసి, పాతవి లోపల పెట్టండి. కొత్తగుడ్డని ముందే తడిపి ఆరవెయ్యండి. లేకపోతే మొదటి ఉతుకులోనే అది కుంచించుకుపోయి బొంతంతా ముడతలు పడుతుంది.

పొరలు పరిచాక నడిమి నుంచి అంచులకు టాకాలు వేసుకోవాలి. చుట్టూ అంచు మిషను మీద 16వ నంబరు సూదితో, కుట్టు కొంచెం పొడుగు పెట్టి కుట్టండి. పొరలు మరీ మందమైతే మిషనుతో పంతం వద్దు, సూది విరుగుతుంది. నడుమ కుట్లు చేత్తో వేస్తేనే మెత్తదనం నిలుస్తుంది.

ఇంకొక్క మాట. పోయిన అత్తగారిదో, అమ్మదో చీర ఒక్కటే మిగిలిందనుకోండి. కత్తెర పెట్టేముందు ఆడపడుచుల్నీ, అక్కచెల్లెళ్లనీ అడగండి. అసలు కత్తిరించకుండానే మడతలు వేసి లోపలి పొరగా పరవచ్చు. ఎప్పుడైనా కుట్లు విప్పితే, చీర చీరగానే దొరుకుతుంది.