ఎరుక మన పేరులోనే ఉంది



మార్పు వచ్చినప్పుడు, అయినవాళ్లు పోయినప్పుడు మనసు చెదరకుండా ఎట్లా ఉండాలో మాట్లాడమన్నారు. దానికి తెలుగులో చక్కని మాట ఉంది. ఎరుక. మన ఎరుకల తెగ పేరు ఆ మాట నుంచే వచ్చిందంటారు. ఎరుక చెప్పే అవ్వ చేయి పట్టుకుంటే ఎదుటి మనిషి మొహం మీదే ఆమె చూపు. జరగబోయేది చెప్పేముందు, ఎదురుగా ఉన్న మనిషి దిగులు కనిపెట్టేది. ఆ చూపే అసలు విద్య.

మనం కూర్చున్న ఈ ఊరు పాత కందిమల్లాయపల్లె. వీరబ్రహ్మంగారంటే లోకానికి కాలజ్ఞానం గుర్తొస్తుంది. కానీ మఠంలో ఏటా వైశాఖ శుద్ధ దశమికి ఆరాధన జరిగేది ఆయన జీవసమాధిలో కూర్చున్న రోజుకు. అది 1693లో అని సంప్రదాయం. పోయే రోజు ముందే చెప్పి, అందరికీ చెప్పాల్సినవి చెప్పి కూర్చున్నాడంటారు.

ఆ కథలో నన్ను ఆపేది సిద్ధయ్య. దూదేకుల బిడ్డ, స్వామికి ప్రాణం. అతన్నే పూలకోసం బనగానపల్లెకు పంపించాడు. తిరిగొచ్చేసరికి సమాధి మూసేశారు. ఏడ్చి ఏడ్చి పడిపోయిన శిష్యుడికి స్వామి మళ్లీ కనిపించి దండం, కమండలం, పాదుకలు, ముద్రిక ఇచ్చాడని చెప్పుకుంటారు. సిద్ధయ్య ముడుమాలలో ఆ బోధను నిలబెట్టాడు.

కడపటి ఊపిరికి దగ్గర లేనివాళ్లు మనలో ఎందరు! నేరస్త తెగల చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. అంతకుముందు ఆ జాబితాలో పేరున్నవాడు ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. పక్క ఊర్లో తల్లి పోతున్నా చీటీ లేనిదే కదలకూడదు. ఈరోజు మన జిల్లా పిల్లలు కువైట్‌లో ఉంటారు. కబురు ఫోన్లో వస్తుంది, సెలవు దొరకదు.

అట్లాంటివాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఆ ఒక్క నిమిషం తప్పిపోయినందుకు జీవితమంతా కుమిలిపోవద్దు. సిద్ధయ్యా అక్కడ లేడు. చేతికి వచ్చినదాన్ని మోశాడు. మీ నాయన బుట్ట అల్లిన కత్తి, మీ అవ్వ మాట్లాడిన కుర్రు భాష, అవి మీ చేతికి వచ్చిన దండం, పాదుకలు.

మంచం పక్కన ఉన్నవాళ్లకు మూడు మాటలు. ఫోన్ పక్కన పెట్టండి. పెదవులు ఎండితే తడిగుడ్డతో అద్దండి. వాళ్లకు వినపడదులే అనుకుని ఆస్తుల సంగతి అక్కడ ఎత్తొద్దు. స్పృహ లేనట్టు కనిపించే కొందరి మెదడు చివరి గంటల్లోనూ శబ్దానికి స్పందిస్తుందని కెనడా పరిశోధకులు 2020లో ప్రకటించారు. కాబట్టి పేరుపెట్టి పిలవండి. "మేము బాగుంటాం, నువ్వు నిమ్మళంగా ఉండు" అని చెప్పండి.

ఇక, ఇంకా మన మధ్య ఉన్న పెద్దల సంగతి. ప్లాస్టిక్ వచ్చి ఈతబుట్ట పోయింది. అల్లిన చేతులు ఇంకా ఉన్నాయి. ఈ సంచికలో ఫోటోలకు దండలు వేసి ఉన్నవాళ్లను ఇక అడగలేం. ఈ సాయంత్రం ఇంటికి పోయి, ఉన్నవాళ్ల పక్కన ఒక గంట కూర్చోండి. వాళ్ల చేయి పట్టుకోండి, మొహం చూడండి. మన అవ్వలు నేర్పిన ఎరుక అదే.